పదాలు దొరకని వేరు

...ఆ మాటకొస్తే అబద్ధానికీ వయసొస్తుంది. పంతొమ్మిదో ఏడు నడుస్తున్న అబద్ధం మనిషై ఉంటే ఈపాటికి గడ్డం గీసుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ ఇదే రోడ్డు మీద ఎదురుపడి, "ఏం మాస్టారూ, గుర్తుపట్టారా" అని అడిగేది, అనుకుంటూ వేళ్ళ మాస్టారు బస్టాపు దగ్గర ఆగిపోయారు. గురువారం సాయంత్రం. ఎండ పల్చబడి మేడల అంచుల మీద మాత్రమే మిగిలింది. రావలసిన బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు.

బస్సు అనేది 'ఆమ్నిబస్' అనే పెద్ద లాటిన్ మాటకి మిగిలిన తోక. 'అందరికీ' అనే మాటలో తక్కినదంతా అరిగిపోయి చివరి 'కీ' ఒక్కటే మిగిలినట్టు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ తర్వాత నాలుగు రోజులపాటు బడి గేటు దగ్గర "ఒరేయ్, కీ వచ్చింది, ఎక్కండ్రా" అని కేకలేసుకుంటారు. ఇవాళ కీ వెళ్ళిపోయింది. ఆయన నడక మొదలుపెట్టారు.

ఈ వేళప్పుడు ఆయనకి బోర్డుల మీది మాటలు ఒక్కటిగా కనిపించవు. అతుకుల దగ్గర విడిపోయి, ముక్కలు ముక్కలుగా గాలిలో నిలబడతాయి. ఫోటో స్టూడియో బోర్డులోంచి వెలుగు ఒకటి విడిగా దిగి మెట్ల మీద కూర్చుంటుంది. ఫోను దుకాణంలో ఒక ధ్వని, ఎవరిదీ కాని ధ్వని, గాజు అరలో పడుకుని ఉంటుంది. మైక్రోస్కోపులు బాగుచేసే కొట్టు ముందు 'చిన్న' అనేదీ 'చూడు' అనేదీ మొగుడూ పెళ్ళాల్లా ఎడమొహం పెడమొహంగా నిలబడి ఉంటాయి. మాటలు పగలంతా కలిసి కాపురం చేసి, సాయంత్రానికి ఎవరి పుట్టింటికి వాళ్ళు పోతాయని ఆయనకో భ్రమ. ఒక్క మాట మాత్రం ఎటూ పోదు. దానికి పుట్టిల్లు లేదు. అది ఆయన వెనకే నడుస్తుంది.

బడిలో ఆయన చెప్పేది ఇంగ్లీషు. శుక్రవారం ఆఖరి పీరియడు మాత్రం ఆరో తరగతికి ఇంగ్లీషు మాటలు మొలిచిన గ్రీకు, లాటిన్ వేళ్ళు చెబుతారు. మొదట్లో లెక్కల మాస్టారు, "చేతివేళ్ళా, కాలివేళ్ళా?" అని ఏడిపించేవాడు. ఆ ఎగతాళిలోంచే ఈ పేరు వచ్చింది. ఇప్పుడు హాజరు తీసుకునే హెడ్‌మిస్ట్రెస్ కూడా వేళ్ళ మాస్టారనే అంటుంది.

ఆ పీరియడుకి ఒక పద్ధతి ఉంది. ఏడు మొదట్లో పిల్లలు బిస్కెట్ల డబ్బాలోంచి తలా ఒక చీటీ తీస్తారు. చీటీలో ఉన్న వేరు ఆ ఏడాదంతా వాళ్ళది. గదిలో కిటికీ ఊచ నుంచి బీరువా కొక్కెం దాకా ఒక దండెం ఉంటుంది. దాని మీద బట్టల క్లిప్పులతో తగిలించిన ముప్పై ఒక్క అట్టలు. అట్టకి ముందువైపు వేరు, దాని అర్థం, ఏ భాషదో ఆ భాష పేరు, వాటి కింద ఏటేటా పిల్లలు వెతికి తెచ్చిన పదాలు. వెనకవైపు ఆ వేరును పెంచిన పిల్లల పేర్లు, ఒకరి కింద ఒకరివి.

"ఇది మీ సొంతం కాదు, మీ చేతికొచ్చింది. ఎవరి చేతిలోంచి వచ్చిందో తెలియాలి," అంటారు మాస్టారు.

ఆయన పేరు ఏ అట్ట మీదా లేదు. "మరి మీ వేరేది మాస్టారూ?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. "నేను తోటమాలినిరా, మొక్కని కాదు," అని ఆయన తప్పించుకుంటారు.

ఆ గదిలో మాటలన్నీ చుట్టాలే. టెలిఫోన్, మైక్రోఫోన్ తోడికోడళ్ళు. టెలిగ్రాఫ్ కాలం చేసిన పెదనాన్న. టెలివిజన్ తల్లిది గ్రీకు ఊరు, తండ్రిది లాటిన్ ఊరు, ఆ పెళ్ళికి పెద్దలు ఒప్పుకోలేదు. మోయడం అనే అర్థమున్న 'పోర్ట్' ఎవరికి పడితే వాళ్ళ అట్ట ఆ ఏడాది చివరికి చాలక, కింద ఇంకో అట్ట అతికించాలి. రాయడం అనే 'గ్రాఫ్' కూడా అంతే. ఒక్క అట్ట మీద మాత్రం పంతొమ్మిదేళ్ళకి అయిదంటే అయిదు పదాలు. దాని మీద ఆయన చేతిరాతతోనే ఇలా ఉంది:

'ఒరెన్. వెళ్ళినవాళ్ళు తిరిగి ఇల్లు చేరడం. గ్రీకు.'

ఈ ఏడు ఆ అట్ట పుల్లకి పడింది.

పుల్ల అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కానీ, చీపురుపుల్లలా ఉంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరే బడంతా నిలిచిపోయింది. ఎక్కువ మాట్లాడదు. తెలియనిదాన్ని తెలిసినట్టు తలూపడం ఆ పిల్లకి చేతకాదు. మాస్టారికి ఆ పిల్లంటే ఇష్టం. ఆ చూపంటే కొంచెం భయం.

పోయిన శుక్రవారం అందరూ తెచ్చిన పదాలు చెప్పాక పుల్ల లేచి నిలబడింది.

"మాస్టారూ, నా అట్ట మీద అయిదు పదాలున్నాయి. అయిదూ కొట్టెయ్యాలి."

"ఎందుకమ్మా?"

"ఫారెన్ దీనిలోది కాదు. లైబ్రరీలో లావు డిక్షనరీ చూశాను. లాటిన్‌లో తలుపు అవతల అని అర్థమంట. ఆరెంజ్ ఏమో సంస్కృతం నుంచి బయల్దేరి ఊళ్ళన్నీ తిరిగి అక్కడికి పోయిందంట. మిగతా మూడూ అసలు డిక్షనరీలోనే లేవు."

ఫారెన్ తెచ్చిన కుర్రాడు ఆయనకి గుర్తున్నాడు. ఫారెన్ వెళ్ళినవాళ్ళు ఎప్పటికైనా ఇంటికి రావలసిందేగా మాస్టారూ, అన్నాడు. ఆరెంజ్ తెచ్చిన అమ్మాయి, ఆ పండు ఏటా తిరిగొస్తుందిగా, అంది. రెండింటికీ ఆయన టిక్కు పెట్టారు.

"పుల్లకి వేళ్ళుంటాయా మాస్టారూ? చెట్టుకి కదా ఉండేది," అన్నాడు వెనక బెంచీలోంచి గుండు. ఆ ఏడు వేసవిలో తల గీయించుకుని వచ్చిన పాపానికి వాడు గుండు అయ్యాడు. క్లాసంతా నవ్వింది.

నవ్వు తగ్గేదాకా పుల్ల ఆగింది. "ఏడు నెలల నుంచి వెతుకుతున్నాను. అందరికీ దొరుకుతున్నాయి, నాకే దొరకట్లేదు. వచ్చే శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ ఒక్కటి కూడా దొరక్కపోతే ఈ క్లాసు మానేసి డ్రాయింగులో చేరతాను. నాకు బుర్ర లేదని తెలిసిపోయింది కదా." ఏడవలేదు. బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

అప్పుడే చెప్పి ఉండవలసింది. గొంతు దాకా వచ్చింది కూడా. ఆయన నోట్లోంచి మాత్రం, "వెతుకమ్మా, దొరుకుతుంది," అనే మాట వచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ అట్ట పట్టుకున్న ప్రతివాళ్ళకీ చెప్పిన మాటే అది. వాడి వాడి నున్నగా అయిపోయింది, నోట్లోంచి దానంతటదే జారిపోతుంది.

ఆ తర్వాత వారమంతా పుల్ల మధ్యాహ్నం బెల్లు కాగానే లైబ్రరీకి పోయేది. లైబ్రేరియన్ స్టాఫ్‌రూములో, "ఎవరండీ ఆ పిల్ల, డిక్షనరీని మొదటి పేజీ నుంచి నవలలా చదువుతోంది," అన్నాడు. మాస్టారు చేతిలో టీ అలాగే చల్లారిపోయింది.

ఆ వేరు పుట్టింది ఆ క్లాసు పెట్టిన మొదటి ఏడాదే. రాత్రంతా కూర్చుని చీటీలు రాశారు, లెక్క తప్పారు. ముప్పై ఒక్కమంది పిల్లలకి ముప్పై చీటీలు. అందరికంటే ఆఖరున వచ్చిన ఒక చిన్నపిల్ల డబ్బాలో చెయ్యి పెట్టి, అడుగంతా తడిమి, ఖాళీ చెయ్యి బయటికి తీసింది. ఆ చెయ్యి ఇప్పటికీ ఆయనకి కలల్లో కనిపిస్తుంది. అరచేతికి బిస్కెట్ల పొడి అంటుకుని ఉండేది. "నాకు లేదా?" అంది. వాళ్ళమ్మని దూరం ఊళ్ళో పెద్దాసుపత్రిలో చేర్చారని ఆ వారమే క్లాసు టీచరు చెప్పి ఉంది.

"లేకేం, నీది అన్నిటికంటే పాతది, అందుకే చీటీలో రాయలేదు," అన్నారాయన. "ఏ అర్థమున్న వేరు కావాలో చెప్పు."

ఆ పిల్ల ఆలోచించింది. "వెళ్ళినవాళ్ళు తిరిగి ఇంటికొచ్చెయ్యడం," అంది.

అలాంటి వేరు ఉందో లేదో అప్పటికి ఆయనకి తెలియదు. చూసి చెబుతాను అంటే సరిపోయేది. కానీ ఆ కళ్ళు, ఆ ఖాళీ చెయ్యి. నోరు తెరిచారు, గాలిలోంచి ఒక శబ్దం ఊడిపడింది. ఒరెన్. ఆ పిల్ల దాన్ని రెండుసార్లు పెదవుల మీద పలికి చూసుకుని, నవ్వింది. అర్ధసంవత్సరం పరీక్షల తర్వాత వాళ్ళ నాన్న వచ్చి ఆ పిల్లని వేరే ఊరికి తీసుకుపోయాడు. వాళ్ళమ్మ ఇల్లు చేరిందో లేదో మాస్టారు అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందోనని.

పోనీ, ఆ అర్థానికి అసలైన వేరు లేకపోయినా బాగుండేది. నాలుగేళ్ళ తర్వాత ఒక పాత పుస్తకంలో అది ఎదురైంది. నోస్టోస్, తిరిగి ఇల్లు చేరడం. దానికి అల్గోస్, నొప్పి, తోడైతే నోస్టాల్జియా. ఆయన పుస్తకం మూసేశారు. అసలుదాని వెనకాల నొప్పి కూడా వస్తోంది. తన ఒరెన్‌కి ఏ నొప్పీ లేదు. పైగా జీవితమంతా ఎవరెవరివో మాటలు పంచిపెట్టడంలో గడిచిపోయిన మనిషికి అదొక్కటే సొంతంగా పుట్టిన మాట. పెంపకానికి ఇచ్చిన బిడ్డని ఎవరికీ చెప్పకుండా దూరం నుంచి చూసుకునేవాడిలా, ఏటా ఆ అట్ట ఎవరి చేతిలో పడుతుందా అని చూసుకునేవారు.

ఇల్లు వచ్చేసింది. రెండో అంతస్తు, రెండు గదులు. వరండాలో అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. మందుల షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసి మానేసినా, అక్కకి అన్నీ అరల్లో సర్దినట్టుండాలి. తువ్వాళ్ళు ఒక దొంతర, చొక్కాలు ఒక దొంతర.

"బస్సు తప్పిపోయిందా, నువ్వు తప్పిపోయావా?" అంది తలెత్తకుండా.

"నడవాలనిపించింది."

"నీకు నడవాలనిపించిందంటే ఏదో నెత్తి మీద పెట్టుకున్నావన్నమాట. దించు. ఇవాళైనా వేడివేడిగా తింటావో, నీ వేళ్ళు తవ్వుకుంటూ కూర్చుంటావో తేల్చుకుని మరీ దించు."

ఆయన చెప్పులు విడిచి, గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. చెప్పారు. ఖాళీ డబ్బా, చిన్నపిల్ల చెయ్యి, ఒరెన్, డిక్షనరీని నవలలా చదువుతున్న పుల్ల. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనిది ఒక దుప్పటి మడతపెట్టేంతలో అయిపోయింది. ఆయనకే ఆశ్చర్యమేసింది.

అక్క దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ లాగి పట్టుకున్నారు.

"మా షాపులో ఒకసారి కొత్తగా చేరినవాడు ఒక ఖాళీ సీసాకి చీటీ అంటించి అరలో పెట్టాడు," అంది. "నెలరోజులు ఎవరం చూసుకోలేదు. మందుంది కదా అని కొత్తది తెప్పించలేదు. ఒకరోజు పాపం ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. తీసి చూస్తే ఏముంది, గాలి. చీటీ లేకపోతే, అమ్మా ఇది మా దగ్గర లేదు, పక్క షాపులో చూడండి అని చెప్పి పంపించేవాళ్ళం కదా."

"నేను కావాలని చెయ్యలేదక్కా."

"వాడూ కావాలని చెయ్యలేదు." కొసలు కలిపింది. "ఒరేయ్ చిన్నోడా, ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ ఒరెన్ మాట నువ్వు ఆ మొదటి పిల్లకి చెప్పావా, నీకు నువ్వు చెప్పుకున్నావా?"

వీధి చివర ఎవరో తాళం వేసి మళ్ళీ తీస్తున్నారు. ఆ చప్పుడుకి ఎప్పటిదో కిటికీ ఒకటి మెల్లగా తెరుచుకుంది. ఏడేళ్ళ తనూ, పన్నెండేళ్ళ అక్కా ఆ కిటికీ గట్టు మీద కూర్చుని ఉన్నారు. నాన్న పనిమీద ఊరెళ్ళాడు. రేపొస్తాడు. రేపు కాకపోతే ఎల్లుండి. కిటికీ ఊచల రంగు పెచ్చులు గోళ్ళతో గీకుతూ ఎన్ని ఎల్లుండిలు గడిచాయో. ఒకరోజు అక్క దిగిపోయింది, "ఇంక రాడు, దిగు," అంది. తను దిగలేదు. ఇప్పటికీ దిగలేదేమో. ఊచల రంగు ఎప్పుడో పోయింది, ఇల్లూ పోయింది, గట్టు మీద ఆ పిల్లవాడు మాత్రం కాళ్ళాడిస్తూ అలాగే కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి అట్టలు పంచుతున్నాడు.

"ఆ రోజు నేను చెప్పానని నా మీద నెల్లాళ్ళు అలిగావు," అంది అక్క. "నీ పాలు కూడా నేనే తాగాల్సొచ్చింది. అందుకే ఇంత లావయ్యాను. ఇంక లే, చల్లారిపోతుంది."

శుక్రవారం మధ్యాహ్నం గదిలో ఎండ ఏటవాలుగా పడి, దండెం మీది అట్టల నీడలు ఎదురుగోడ మీద వరసగా ఊగుతున్నాయి. ఫాను కింద ముప్పై ఒక్క వేళ్ళు నిద్రలో కదిలినట్టు కదులుతున్నాయి. మాస్టారు కుర్చీలో కూర్చుని బల్ల సొరుగు కొద్దిగా తెరిచి ఉంచారు. అందులో కొత్త అట్ట ఒకటి ఉంది. పొద్దున్నే వచ్చి రాసింది. 'హైడ్రో. నీరు. గ్రీకు.' పదాలు కుప్పలుగా దొరికే వేరు. ఆయన పథకం సులువైనది. పుల్ల అట్ట తిరిగిచ్చేస్తుంది. పోనీలేమ్మా, అది మొండి వేరు, ఇది తీసుకో అంటారు. పాతదాన్ని సొరుగు అడుగున పడేస్తారు. ఎవరికీ ఏమీ తెలియదు. నొప్పి ఉండదు.

పుల్ల దండెం దగ్గరికి వెళ్ళి క్లిప్పు తీసింది. మునివేళ్ళ మీద నిలబడవలసి వచ్చింది. అట్ట పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. చూపుడువేలికి సిరా మరక.

"దొరకలేదు మాస్టారూ."

"డిక్షనరీ ఎక్కడిదాకా వచ్చావమ్మా?"

"ఆఖరుదాకా."

క్లాసు చప్పుడు తగ్గింది. "ఆఖరుదాకానా?" అన్నాడు గుండు, ఎగతాళి మరిచిపోయి. "జడ్ కూడానా?"

"జడ్ తక్కువే ఉంటుంది," అంది పుల్ల.

మాస్టారు సొరుగులోంచి కొత్త అట్ట తీసి బల్ల మీద పెట్టారు. "పోనీలే. డ్రాయింగెందుకు? ఇది తీసుకో. నీరు. దీనికి బోలెడంతమంది చుట్టాలు."

పుల్ల కొత్త అట్ట వైపు చూసింది కానీ ముట్టుకోలేదు. పాతదాన్ని వెనక్కి తిప్పింది. పద్ధెనిమిది పేర్లు, కింద పంతొమ్మిదోది తనది. పైన మొదటి పేరు సిరా వెలిసి గోధుమరంగులోకి తిరిగింది.

"ఇది మళ్ళీ ఏడు ఇంకొకళ్ళకి పడుతుందా?"

"పడదు. తీసేస్తాను."

"అంటే ఈ వేరు ఉంది కానీ తీసేస్తారా, లేదు కాబట్టి తీసేస్తారా?"

ఆయన కొత్త అట్టని ఇంకాస్త ముందుకి జరిపారు. ఆ పిల్ల తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించింది.

"నా వల్లే తీసేస్తుంటే వద్దు మాస్టారూ. నాకు చేతకాకపోతే ఇంకొకరికి దొరుకుతుందేమో. ఈ పై పేరున్న అక్క ఎక్కడుందో తెలిస్తే అడుగుదామనుకున్నాను. తనకి ఎవరి చేతిలోంచి వచ్చిందో రాసి లేదు. అందరికీ పైన ఎవరో ఒకరున్నారు, తనకే ఎవరూ లేరు."

గోడ మీద నీడల వరసలో ఒకచోట సందు ఏర్పడింది, అట్ట తీసిన చోట. ఆ సందులోంచి కిటికీ గట్టు కనిపించింది ఆయనకి. ఆడుతున్న రెండు కాళ్ళు ఆగిపోయాయి. దిగడానికి ఎంతో ఎత్తు లేదు. పెద్దవాళ్ళకైతే అసలు ఎత్తే కాదు.

"ఇలా ఇవ్వమ్మా," అన్నారు. "నీ బుర్రకేం కాలేదు. లేనిదాన్ని లేదని కనిపెట్టింది నువ్వొక్కదానివే."

పుల్ల అట్ట ఇచ్చింది. వెనక బెంచీలవాళ్ళు లేచి ముందుకి వంగారు. ముప్పై ఒక్కమంది చూస్తుండగా మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, అట్టని ముందువైపుకి తిప్పి 'గ్రీకు' అనే మాటని ఒక్క గీతతో కొట్టేశారు. మళ్ళీ వెనక్కి తిప్పి, వెలిసిపోయిన మొదటి పేరుకి పైన ఉన్న కాస్త ఖాళీలో, చిన్న అక్షరాలతో, తన పేరు రాశారు.